నీళ్ళు తగ్గేదాకా రెండు రోజులు

యుగోస్లావియా ముక్కలైపోతున్న రోజుల్లో నేను ఇంకా పత్రిక డెస్కులోనే ఉన్నాను. టెలిప్రింటరు మీద వచ్చే ఊళ్ళ పేర్లు తెలుగులో ఎలా రాయాలో తెలియక కొత్త సబ్ ఎడిటర్లు అవస్థ పడుతుండేవారు. ఒకతను కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు. నేను చూడకుండానే చెప్పాను. దుబ్రోవ్నిక్. దానికి ముందు స్ప్లిట్, స్ప్లిట్‌కు ముందు జాదర్. మూడూ సముద్రం ఒడ్డునే. జాదర్ నుంచి కిందికి వస్తుంటే కుడిచేతి వైపు నీళ్ళు, ఎడమచేతి వైపు కొండలు. స్ప్లిట్ దాటాక నెరెత్వా అనే నది అడ్డం వస్తుంది.

అతను నా వైపు కొత్తగా చూశాడు. "ఎప్పుడెళ్ళారు సార్ మీరు?"

"వెళ్ళలేదు. వెనక కిటికీ పక్కన సీటు ఉండేది నాకు" అన్నాను.

అర్థం కాక నవ్వి వెళ్ళిపోయాడు. ఆ సీటు ఇచ్చిన మనిషి గుర్తొచ్చి ఆ పూట నాకు పని సాగలేదు.

ఆయన వాకాడులో బస్సు టైమ్ కీపరు. పేరు రాయను. ఊళ్ళోనూ పేరుతో ఎవరూ పిలవలేదు. ఎదురుగా టైమ్ కీపరు గారు అనేవాళ్ళు. వెనక అనే మాట అచ్చుకు పనికిరాదు. యుద్ధకాలంలో బొగ్గుతో నడిచిన బస్సుల్లో కండక్టరుగా చేరి, నేను ఆ ఊళ్ళో పత్రికకు ఏజెంటుగా, విలేకరిగా కుదురుకునేనాటికి, అంటే యాభైల చివర్లో, రేకుల వసారా కింద ఒక బల్ల, ఒక నల్లబోర్డు, ఒక గోడ గడియారం, ఒక ఈలకు అధికారి అయ్యాడు. కంపెనీకి గూడూరు రూట్లో ఉన్నవి మూడే బస్సులు. ఆ మూడూ ఆయన ఈల వేస్తే కదలాలి. మొదటి బస్సు తెల్లవారి అయిదూ నలభైకి. నా వార్తల కవరు దాని డ్రైవరు చేతికి ఇవ్వాలి కాబట్టి రోజూ ఆ వేళకు నేనూ అక్కడ ఉండేవాణ్ణి.

గోడ గడియారాన్ని ఆయన నమ్మేవాడు కాదు. పంచాయతీ రేడియోలో వార్తలకు ముందు వచ్చే టైముతో జేబు గడియారం సరిచేసుకుని, దానితో గోడ గడియారాన్ని సరిచేసేవాడు. ఎవరైనా ఆలస్యంగా వస్తే ఏమీ అనకుండా ఆ జేబు గడియారం తీసి, దాని అద్దం మీద చిటికెనవేలి గోరుతో మూడుసార్లు కొట్టేవాడు. వచ్చినవాడు తన ఇంట్లో ఇంకా టైము కాలేదని వాదిస్తే, "మీ ఇంటి గడియారం మీ ఇంట్లోనే పెట్టుకోండి" అనేవాడు. కోపం ముదిరినప్పుడు ఈలను పెదవుల మధ్య పెట్టుకుని, ఊదకుండా, ఎదుటివాడి ముఖంలోకి చూస్తుండేవాడు. ఆ ఊదని ఈలకు డ్రైవర్లు ఎక్కువ భయపడేవాళ్ళు.

రోడ్డు మీద ఎవరైనా పరుగెత్తుకుంటూ వస్తుంటే, లోకంలో మిగిలిన టైమ్ కీపర్లు చెయ్యెత్తి బస్సును ఆపుతారు. ఈయన చెయ్యెత్తితే ఆగేది బస్సు కాదు, ఆ మనిషి. ఇక రావద్దని, బస్సు పోయిందని, కళ్ళముందు బస్సు ఉండగానే ఆ చేతితో చెప్పేవాడు. పులికాట్ వైపు నుంచి చేపల గంపతో వచ్చే ఒకామెను ఒక వారంలో మూడుసార్లు అలా నిలబెట్టాడు. మూడోసారి ఆమె గంప దించి, "నీ గడియారం ఏట్లో పడిపోనూ, నీ చెయ్యి అట్నే నిలబడిపోనూ" అని శపించింది. ఆయన నల్లబోర్డు మీద బస్సు వెళ్ళిన టైము రాసుకున్నాడు. ఆ శాపంలో సగం ఫలించడం తరవాత చూశాను.

ఇలాంటి మనిషికి యుగోస్లావియా ఎక్కడ తగిలిందంటే, ఆ పాపం నాది. విదేశీ రాయబార కార్యాలయాలకు కార్డు రాస్తే రంగుల బొమ్మల పుస్తకాలు ఉచితంగా పంపుతారని నేను ఊళ్ళో పంచే మా పత్రికలో చిన్న ముక్క వచ్చింది. మా ప్రాంతంలో ఇంగ్లీషు రెండు ముక్కలు వచ్చినవాళ్ళందరూ కార్డులు రాశారు. పుస్తకాలు వచ్చాయి. అందరూ బొమ్మలు చించి గోడలకు అంటించుకున్నారు. ఈయన తనకు వచ్చిన యుగోస్లావియా పుస్తకం మధ్యలో మడిచిపెట్టిన రోడ్ల పటం చూశాడు. ఊరికీ ఊరికీ మధ్య దూరం అంకెల్లో రాసి ఉంది. అది చాలు ఆయనకు. పటాన్ని పాత ధోవతి గుడ్డ మీద గంజితో అతికించి, మడతలు చిరక్కుండా చేసి, బల్ల సొరుగులో పెట్టుకున్నాడు. ఆ దేశంలో తిరగడానికి మంచి కాలం శరత్తు అని, అప్పుడు ద్రాక్షతోటల ఆకులు ఎర్రబారతాయని పుస్తకంలో ఉంది. ఆకుల సంగతి ఆయన ఎన్నడూ ఎత్తలేదు. ఆశ్వయుజం, కార్తీకం అని పెన్సిలుతో పైన రాసుకున్నాడు.

ఆ తరవాత ఏడెనిమిదేళ్ళ పాటు మధ్యాహ్నం బస్సుకూ సాయంత్రం బస్సుకూ మధ్య ఖాళీలో ఆయన చేసిన పని అదొక్కటే. కంపెనీ ట్రిప్ షీట్ల వెనకవైపు ఆ దేశంలో కారు ప్రయాణానికి టైములు వేసేవాడు. లూబ్లియానాలో ఎన్నింటికి బయలుదేరాలి, జాగ్రెబ్‌కు ఎన్నింటికి చేరాలి, రియెకాలో కాఫీకి ఎన్ని నిమిషాలు, రేడియేటరులో నీళ్ళు ఎక్కడ పోయాలి. సరయేవో కొండదారి ఎక్కుడు ఎంత ఉందో పటంలో తెలియక ఒక శీతాకాలమంతా బాధపడ్డాడు. ఎక్కడి కారు, ఎవరు పంపిస్తారు, ఎలా వెళతారు అని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఆయన కారు నడపలేడు. కారులో కూచున్నదీ ఒకసారే, కంపెనీ యజమాని తండ్రి చనిపోయినప్పుడు.

కారుకు అయిదు సీట్లు. స్టీరింగు దగ్గర మొదటి బస్సు డ్రైవరు యేసురత్నం. పక్కన ముందు సీటు ఆయనది, చేతిలో గడియారంతో. వెనక మూడు సీట్లు ఊరికి. ఈ మూడు సీట్లతో ఆయన వాకాడును ఎలా ఆడించాడో చెబితే నమ్మరు. ఒక చార్టు గీసి, గడుల్లో పేర్లు రాసేవాడు. ఆయన చేతిలో ఒక వైపు ఎరుపు, ఒక వైపు నీలం ఉన్న పెన్సిలు ఉండేది. నీలంతో రాస్తే సీటు ఉన్నట్టు, ఎరుపుతో గీస్తే పోయినట్టు. కాఫీ హోటలు యజమాని సీటు కాఫీ చల్లగా పంపినందుకు పోయింది. పోస్టుమాస్టరు సీటు, ఢిల్లీ నుంచి వచ్చిన కవరు ఒక రోజు ఆలస్యంగా ఇచ్చినందుకు. సీటు పోయినవాడు పగలబడి నవ్వేవాడు. నవ్వి, మళ్ళీ రెండు రోజులు బస్టాండు వైపు వచ్చేవాడు కాదు.

యేసురత్నం సీటు మాత్రం తీసేయడానికి వీల్లేదు, బండి నడిపేవాడు కనుక. అందుకని అతన్ని వేరే రకంగా కోసేవాడు. యేసురత్నం చర్చికి తప్పనివాడు. ఆ దేశంలో ఆదివారం వస్తే ప్రార్థనకు బండి ఆపాలని ఒకే ఒక కోరిక కోరాడు. ఈయన ఉదారంగా నలభై నిమిషాలు ఇచ్చాడు. ఇక్కడ గూడూరు నుంచి బస్సు ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వస్తే, అక్కడ ప్రార్థనలో అన్ని నిమిషాలు తగ్గించేవాడు. ఏడాది తిరిగేసరికి తొమ్మిది మిగిలాయి. "తొమ్మిది నిమిషాల్లో ప్రార్థన అయిపోతాదిలే సార్, పాటే మిగిలిపోతాది" అన్నాడు యేసురత్నం. ఆ వేళాకోళానికి ఇంకో రెండు పోయాయి.

వెనక ఎడమ కిటికీ పక్క గడిలో మొదటినుంచీ నీలంతో ఒకటే మాట ఉండేది. ఫ్యామిలీ – 1. కంపెనీ ఇచ్చే ఉచిత పాసు మీద ఎలా రాస్తారో అలా. అది ఆయన భార్య సీటు.

ఆమెది మనుబోలు. గూడూరులో బస్సు మారితే మూడు గంటల దూరం. పెళ్ళయిన కొత్తలో, ఆయన ఇంకా కండక్టరుగా ఉన్నప్పుడు, ఆయన బస్సులోనే పుట్టింటికి బయలుదేరింది. బస్సు పడదు ఆమెకు. చిల్లకూరు దగ్గర వాంతి చేసుకుంది. ఆయన బస్సు ఆపించి, బిందెడు నీళ్ళు తెప్పించి, ప్రయాణికులందరినీ కిందికి దించి, ఆమె చేతనే బస్సు కడిగించాడు. ఈ సంగతి యేసురత్నం చెప్పాడు. ఆ రోజు యేసురత్నం ఆ బస్సులో క్లీనరు. తను కడగబోతే టైమ్ కీపరు వద్దన్నాడట. ఆ తరవాత పద్నాలుగేళ్ళలో ఆమె బస్సు ఎక్కలేదు. తల్లే రెండేళ్ళకొకసారి వచ్చి కూతుర్ని చూసిపోయేది. చూపు పోయాక అదీ మానేసింది.

కానీ కారు సంగతి వేరు అని ఆమెకు ఎవరో చెప్పారు. కారులో కిటికీ పక్కన కూచుని, నోట్లో చింతపండు ఉండ పెట్టుకుంటే వాంతి రాదట. ఆ చార్టులో తన గడి ఉందని తెలిసినప్పటినుంచీ ఆమె యేసురత్నాన్ని అడుగుతుండేది, కారు కిటికీ ఎంత ఉంటుందని, అద్దం పూర్తిగా దిగుతుందా అని. పరాయి దేశం మీద ఆమెకు మోజు లేదు. ఒకసారి నేను వాళ్ళింట్లో ఉండగానే అడిగింది. ఆ కారు దూరదేశం పొయ్యేముందు ఒకసారి మనుబోలు మీదుగా పోదా అని. ఆయన పటం మీదినుంచి తల ఎత్తలేదు.

"మనుబోలు రూట్లో లేదు" అన్నాడు.

ఆయన ప్లానులో ఒక వింత ఉండేది. ఎక్కడ నది గీత వస్తే అక్కడ, సావా దగ్గర, కూపా దగ్గర, నెరెత్వా దగ్గర, ఎర్రగా ఒక వరస రాసి ఉండేది. నీళ్ళు తగ్గేదాకా – రెండు రోజులు. మా వైపు ఆశ్వయుజ కార్తీకాలంటే తుఫాన్లు. స్వర్ణముఖి ఏరు పొంగితే కోట ఊరికీ వాకాడుకూ మధ్య ఇసకలో పరిచిన బాట కొట్టుకుపోతుంది. బస్సులు ఆ ఒడ్డున అవి, ఈ ఒడ్డున ఇవి. శరత్తు అన్న మాటకు ఆయనకు తెలిసిన అర్థం అదే. అక్కడ ఆ కాలంలో ఏర్లు పొంగవని, పైగా అన్నిటికీ వంతెనలుంటాయని పత్రికలు చదివిన గర్వంతో నేను చెప్పాను. కాఫీ హోటల్లో వాళ్ళందరూ నవ్వారు.

"వంతెన ఉంటే? కార్తీకంలో వంతెన మీద పోవా నీళ్ళు?" అన్నాడు ఆయన. ఆ తరవాత గొంతు కొంచెం తగ్గించి, "ఏరు వచ్చినప్పుడు ఆగాల. తొందరపడి దిగినోడు ఎవుడూ గట్టెక్కలేదు. దాని టైము దానికి ఇయ్యాల" అన్నాడు.

ఆ మనిషి నోట గౌరవం పలకడం నేను విన్నది అదొక్కసారే. మొత్తం ప్రయాణంలో ఏర్ల దగ్గర ఆగడానికే పద్నాలుగు రోజులు కేటాయించాడు. కారు మీద కప్పడానికి పాత టార్పాలిను, రెండు హరికేన్ లాంతర్లు కూడా సామాను పట్టీలో రాసుకున్నాడు.

ఇక ఆ కార్తీకం సంగతి. అరవైల మొదట్లో. నాలుగు రోజులుగా ముసురు. సాయంత్రం బస్సులో వచ్చిన యేసురత్నం, గూడూరులో టైమ్ కీపరు గారి భార్య తమ్ముడు కనిపించి కబురు చెప్పాడన్నాడు. తల్లికి బాగాలేదు, రెండు రోజులు దాటేట్టు లేదు, అక్కయ్యను పంపించమన్నాడు. టైమ్ కీపరు కాదనలేదు. పొద్దున మొదటి బస్సుకు రమ్మన్నాడు. ఏరు పెరుగుతోంది, మోకాటి లోతు దాటితే బస్సు దిగదు, బహుశా అదే ఆఖరి బస్సు అని తనే చెప్పాడు. పాసు మీద సంతకం కూడా చేశాడు.

మర్నాడు నేను కవరుతో వెళ్ళేసరికి ఆయన అప్పటికే బల్ల దగ్గర ఉన్నాడు. ఎప్పటిలాగే ఇరవై నిమిషాల ముందు, తల తుడుచుకుని, ఒంటరిగా. భార్య ఏదని యేసురత్నం అడిగితే, పొయ్యి దగ్గరుంది, వస్తుంది అన్నాడు. ఆమె తిరిగి వచ్చేదాకా ఆయనకు కావలసిన పచ్చడి, పులుసు చేసి పెడుతోంది. ఆ సంగతి తరవాత ఆమే చెప్పింది.

బస్సులో ఎనిమిది మంది ఉన్నారు. అయిదూ నలభై అయింది. వానలో, ఫర్లాంగు దూరాన, మలుపు దగ్గర ఒక గొడుగు కనిపించింది.

"అమ్మగారు వస్తా ఉండారు సార్. అదో గొడుగు" అన్నాడు యేసురత్నం.

ఆయన గడియారం అద్దం మీద మూడుసార్లు కొట్టాడు. ఈల వేశాడు. యేసురత్నం స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూచున్నాడు. బస్సులోంచి ఒకరిద్దరు ఆగమన్నారు. రెండు నిమిషాలే కదా అన్నారు. ఆయన వాళ్ళ వైపు తిరిగి, కోపం లేకుండా, లెక్కల మేష్టరు పిల్లలకు చెప్పినట్టు చెప్పాడు.

"ఎవరికోసరం ఆగమంటారు? పాసింజరుకా, నా పెళ్ళానికా? పాసింజరుకైతే ఆగే రూలు లేదు. పెళ్ళానికైతే అసలే లేదు. యేసురత్నం, బండి తియ్యి."

యేసురత్నం తీశాడు. అయిదుగురు పిల్లల తండ్రి. తీయకపోతే ఏమవుతుందో ఆయనకు తెలుసు. యేసురత్నాన్ని నేనేమీ అనను. నేను కూడా నా కవరు ఇచ్చేశాను కదా, నాకూ ఆ బస్సు టైముకు పోవాలి.

గొడుగు దగ్గరికి వస్తుంటే టైమ్ కీపరు చెయ్యెత్తాడు. చేపల గంపతో వచ్చే ఆమెకు ఎత్తినట్టే, అరచెయ్యి ముందుకు పెట్టి. ఆమె ఆగలేదు, వసారా దాకా వచ్చింది. చీర మోకాళ్ళ దాకా బురద. చంకలో చిన్న మూట. ఆమె ఏదో అనబోయింది కానీ మాట రాలేదు. చింతపండు ఉండ అప్పటికే నోట్లో పెట్టుకుంది. బుగ్గ ఉబ్బెత్తుగా ఉంది. బస్సు వెళ్ళిన వైపు చూసింది. ఆయన నల్లబోర్డు మీద సుద్దముక్కతో అయిదూ నలభై ఒకటి అని రాస్తున్నాడు. ఆ ఒక్క నిమిషం యేసురత్నం లెక్కలోకి పోతుందని నాకు తెలుసు. ఆమె వసారా చివరికి వెళ్ళి, వంగి, చింతపండు ఉమ్మేసి, గొడుగు తెరిచి ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ బస్సు ఏరు దాటింది. ఆ తరవాత మూడు రోజులు ఏదీ దాటలేదు. నాలుగో రోజు పొద్దున నీళ్ళు తీశాక, ఇసకలో అడుగులు వేసుకుంటూ తమ్ముడే వచ్చాడు. గుండు చేయించుకుని ఉన్నాడు.

పరాయి దేశంలో తాను ఎన్నడూ చూడని ఏర్లకు పద్నాలుగు రోజులు ఇచ్చిన మనిషి అని ఆ రోజు నాకు తట్టలేదు. అప్పుడు తట్టినట్టు రాసుకోవచ్చు, అబద్ధమవుతుంది. ఆయన క్రమశిక్షణ గురించి నాలుగు ముక్కలు పత్రికకు రాద్దామా అని కూడా ఒక పూట అనుకున్నాను.

పెద్దకర్మ అయిన వారానికి ఆయన చార్టు తీసి, పెన్సిలు ఎరుపు వైపు తిప్పి, వెనక ఎడమ కిటికీ గడిని అడ్డంగా గీశాడు. కారణం పక్కనే రాశాడు. టైముకు రాలేదు. అందరికీ అలాగే రాసేవాడు, భార్యకు ఎక్కువా తక్కువా చేయలేదు. నీలం వైపు తిప్పి, నన్ను చూసి, నాలుగేళ్ళుగా కవరు ఒక్క రోజు కూడా ఆలస్యం చేయని మనిషి వాకాడులో నేను ఒక్కణ్ణేనని చెప్పి, ఆ గడిలో నా పేరు రాశాడు.

నాకు సంతోషం వేసింది. ఇది రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది. లేని కారులో, పోని దేశంలో, తల్లిని కడసారి చూడలేకపోయిన మనిషి సీటు నాకు ఇస్తే, కాఫీ హోటలుకు వెళ్ళి అందరికీ చెప్పుకున్నాను. వాళ్ళు నా చెయ్యి కుదిపి అభినందించారు. ఒకడు నా బదులు కొబ్బరికాయ కొడతానన్నాడు.

తరవాత ఒకసారి పాత పత్రికలు తెచ్చుకోవడానికి వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన లేడు. ఆమె మజ్జిగ ఇచ్చింది. తాగుతుంటే గడపకు ఆనుకుని నిలబడి, మామూలు గొంతుతో అన్నది.

"కిటికీ పక్కదేనంట కదా నాయనా. మంచి సీటు. వాంతి వస్తే తల బయటికి పెట్టుకో. లోపలైతే నీ చేతనే కడిగిస్తాడు."

గ్లాసు కింద పెట్టి, పత్రికలు తీసుకోకుండానే వచ్చేశాను.

రెండేళ్ళకు నన్ను పత్రిక డెస్కు పనికి పట్నం పిలిచింది. నేను వెళ్ళిపోతున్నా ఆయన నా సీటు తీసేయలేదు. బదిలీ అయినా సీటు నిలుస్తుందని రూలు చెప్పాడు. అరవైల చివర్లో ఏదో పని మీద గూడూరు వచ్చి, వాకాడు వెళ్ళాను. బస్టాండులో వేరే మనిషి ఉన్నాడు. పాన్ నమిలే కుర్రవాడు, ఈల మెడలో వేసుకుని కబుర్లు చెబుతున్నాడు. బస్సులు వాటి ఇష్టం వచ్చినప్పుడు వెళుతున్నాయి. టైమ్ కీపరు గారికి పక్షవాతం వచ్చి ఏడాది దాటిందన్నారు. మాట పడిపోయింది. కుడిచెయ్యి పైకి ముడుచుకుని అలాగే నిలబడిపోయింది. చూసొద్దామని సాయంత్రం వెళితే ఆమె గుమ్మం దగ్గరే ఆపేసింది.

"ఇప్పుడొద్దు నాయనా. పొద్దన్నే రా, ఫస్టు బస్సు టయానికి. ఆయన బాగా తెలివిగా ఉండేది అప్పుడే."

వెళ్ళాను. మంచం మీద ఆయన గోడకు చేరబడి ఉన్నాడు. గడ్డం నున్నగా గీసి ఉంది, పక్కగుడ్డలు మల్లెపువ్వుల్లా ఉన్నాయి. ఆమె ఆయన్ని అంత శుభ్రంగా ఉంచింది. ఎదురుగా గోడకు జేబు గడియారం మేకుకు వేలాడదీసి ఉంది, ఆయన కళ్ళకు సరిగ్గా ఎదురుగా. పక్కనే పటం, చార్టు. ఆమె గ్లాసుతో జావ తెచ్చి, చెంచాతో తాగించి, మూతి తుడిచి, గడియారం వైపు చూసింది. అయిదూ నలభై.

"లేస్తారా? బండి కదలతా ఉండాది" అని అడిగింది. గొంతులో వెటకారం లేదు. మర్యాదగా, మీరు అంటూనే.

ఆయన కళ్ళు ఆమె వైపు తిరిగాయి. ఆమె చేతులు కట్టుకుని నిలబడింది. రెండు నిమిషాలు. నేను లెక్కపెట్టనక్కరలేదు, గడియారం ఎదురుగానే ఉంది. ఆయన ఎడమచెయ్యి దుప్పటి మీద కొంచెం కదిలింది. గొంతులో ఏదో చప్పుడు వచ్చింది. కళ్ళలోంచి నీళ్ళు కారి గడ్డం దాకా వచ్చాయి. ఆమె వాటిని తుడవలేదు. జావ మాత్రం తుడిచింది.

"సరే. టైముకు రాలేదు. బండి పొయ్యింది" అన్నది.

రోజూ ఇంతే అని నాకు చెప్పకుండానే తెలిసింది. ఏడాదికి పైగా, ఒక్క పొద్దు తప్పకుండా.

ఆమె చార్టు మేకు నుంచి తీసి నా ముందు పెట్టింది. సొరుగులోంచి ఎరుపు, నీలం పెన్సిలు తెచ్చింది. అరిగిపోయి వేలెడు మిగిలింది.

"నాకు రాసేది రాదు నాయనా. నువ్వు రాసేవాడివి కదా. ముందు సీటు కొట్టెయ్యి."

నేను ఆయన వైపు చూశాను. ఆయన నన్నే చూస్తున్నాడు. ఆ కళ్ళు ఏం అడుగుతున్నాయో తెలియకపోవడానికి నేనేమీ చిన్నవాణ్ణి కాను. డెస్కులో నాలుగైదేళ్ళుగా నా పని కొట్టేయడమే. కొట్టేశాను.

"కారణం రాయి."

రాశాను. టైముకు రాలేదు.

"ఇప్పుడు నన్ను రాయి ఆడ."

ఏమని రాయాలి అని అడిగాను. ఆయన రాసినట్టే రాయమన్నది. పెన్సిలు నీలం వైపు తిప్పి, ఫ్యామిలీ – 1 అని రాశాను. ఆమె ఆ అక్షరాలను చాలాసేపు చూసి, వేలితో వెనక గడి చూపించింది. అక్కడ ఆయన చేతిరాతతో నా పేరు ఇంకా ఉంది. దాన్ని కూడా కొట్టేయబోయాను.

"వద్దు. అది నీది. ఒకరి సీటు నేను తీసుకోను" అన్నది.

బయట బస్సు హారన్ మోగింది. ఇంజను అప్పుడు మొదలైంది. గోడ మీద గడియారం అయిదూ యాభై ఒకటి చూపిస్తోంది. మంచం మీద ఆయన కళ్ళు గడియారం వైపు, గుమ్మం వైపు, మళ్ళీ గడియారం వైపు తిరిగాయి. పదకొండు నిమిషాలు. ఆ ఇంట్లో అది తెలిసినవాళ్ళం ముగ్గురం ఉన్నాం.

"ఆ కొత్త పిల్లోడు మంచోడు. ఎవురైనా పరిగెత్తతా వస్తా ఉంటే ఆపుతాడు" అన్నది ఆమె, జావ గ్లాసు తీసుకుని లోపలికి వెళుతూ.